అరగంట ఊపిరి

తాత గొంతు ఉండవలసిన క్యాసెట్‌లో అరగంట పొడుగునా ఎవరో మనిషి ఊపిరి పీల్చి వదులుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు.

హజరా బీ టేప్ రికార్డర్ ఆపింది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. అదే ఊపిరి. ఒకచోట దూరంగా కోడి కూసింది. ఒకచోట మంచం కిర్రుమంది. ఇంకొకచోట ఎవరో గొంతు సవరించుకుని, ఏదో చెప్పబోయి, ఆ మాటను మింగేశారు. చివర్న టక్కుమని మీట లేచింది. అంతే.

అట్ట మీద ఉన్నది తన చేతిరాతే. 'ఏడో క్యాసెట్. యెమ్మిగనూరు. 6-2-1983.' పొరపాటున వేరేది పెట్టానేమోనని మిగతా ఆరూ వరసగా వేసి చూసింది. ఆరింటిలోనూ తాత గలగలా మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ ఒక్కదాంట్లోనే లేడు.

ఆదోనిలో రెండు గదుల ఇల్లు అది. మార్చి నెల, ఆదివారం పొద్దున. గోడకు అవతల గదిలో తాత బడే సాబ్ మంచం మీద పడి ఉన్నాడు. తొంభై ఒక్క ఏళ్ళ మనిషి. మూడు వారాల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పోయింది, నోరు పోయింది. చూపు ఉంది, వినికిడి ఉంది, ఎడమ చెయ్యి ఆడుతుంది. మాట మాత్రం ఇక రాదని డాక్టరు చెప్పేశాడు.

అంటే ఆ క్యాసెట్‌లోంచి పోయింది ఇంకెక్కడా దొరకదు.

హజరాకు ముప్ఫై రెండేళ్ళు. యెమ్మిగనూరులో ఆడపిల్లల బడిలో టీచరు. తండ్రి ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి సుగ్రాబీ ఆదోనిలో మామను చూసుకుంటూ ఉండిపోతే, హజరా యెమ్మిగనూరులో గది తీసుకుని వారం వారం బస్సెక్కి వచ్చేది. కిందటి దసరా సెలవుల్లో టేప్ రికార్డర్ ఒకటి కొని తెచ్చి తాత ముందు పెట్టింది.

"ఇదేందే, రేడియోనా?" అన్నాడు తాత.

"కాదు తాతా. నువ్వు మాట్లాడితే దాచిపెట్టుకుంటాది."

"నా మాట ఇంట్లోనే ఎవురూ ఇనరు. ఇది ఇంటాదా?"

"ఇంటాది. మధ్యలో అడ్డం గూడ మాట్లాడదు."

"అట్లయితే మీ అమ్మ కన్నా మేలే."

వంటింట్లో గిన్నె ఒకటి ఠంగుమంది.

అలా మొదలైంది. బడే సాబ్ దూదేకుల ఇంట్లో పుట్టాడు. తండ్రి పక్కన కూర్చుని విల్లుతో దూది ఏకుతూ పెరిగాడు. ఆ వేళ్ళే తర్వాత అతనికి అన్నం పెట్టాయి. బండి మీది గోనె బోరెంలోంచి గుప్పెడు పత్తి లాగి, రెండు బొటనవేళ్ళ మధ్య పింజను సాగదీసి చూసి, ఏ నేలలో పండింది, ఎన్నో ఏరుడుది, తూకం పెరగాలని నీళ్ళు చిలకరించారా లేదా, అన్నీ చెప్పేవాడు. ఆ మాట మీద తక్కెడ కదిలేది. ఆదోని బజారులో ముప్ఫై ఏళ్ళ పైగా ఆయన మాటకు ఎదురు లేదు. అయినా ఏ వ్యాపారీ బడే సాబ్‌ను పత్తి కొట్టం లోపలికి మాత్రం రానిచ్చేవాడు కాదు. బయటే నిలబడాలి. ఎండైనా సరే, వాన తుంపరైనా సరే, పత్తే బయటికి వచ్చేది.

ఎందుకో ఆదోనిలో అందరికీ తెలుసు. ఎవరూ ఆయన ముందు అనరు.

హజరాకు ఆ సంగతి యెమ్మిగనూరు బడిలో చేరిన మొదటి వారంలోనే ఎదురైంది. మనవరాలిని చేర్పించడానికి వచ్చిన ఒక ముసలి నేతగాడు కుర్చీలో కూర్చుని పలకరించాడు.

"యే ఊరమ్మా మీది?"

"ఆదోని."

"ఆదోనిలో ఎవురింటోళ్ళు?"

"పత్తి బడే సాబ్ మనమరాలిని."

ఆయన చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మాదన్నను కాల్చినాడే, ఆయప్పనా," అన్నాడు. తిట్టినట్టు కాదు. ఆనవాలు చెప్పినట్టు. పిల్లను మాత్రం పక్క సెక్షన్లో వేయించాడు.

1932లో యెమ్మిగనూరులో ఒక శెట్టి పత్తి కొట్టం పట్టపగలే తగలబడింది. లోపల కునుకు తీస్తున్న కావలివాడు మాదన్న కాలిపోయాడు. ఊరి పెద్దలు కూర్చున్నారు. ఆ రోజుల్లో ఆ శెట్టి దగ్గరే పత్తి చూసే పనిలో ఉన్న బడే సాబ్ లేచి, లోపల బీడీ తాగింది నేనే అన్నాడు. ఊరు విడిచి పొమ్మన్నారు. మాదన్న పెళ్ళాం ఉరుకుందమ్మ ముందు నిలబడి, ఇంక ఈ పొలిమేర తొక్కనమ్మా అని మాట ఇచ్చి ఆదోని వచ్చేశాడు. యాభై ఏళ్ళయినా తొక్కలేదు. కన్నతల్లి అక్కడ కన్నుమూస్తే మట్టి వేయడానికి కూడా పోలేదు.

హజరాకు ఒక్కటే పొసగదు. బుద్ధెరిగినప్పటి నుంచి తాత బీడీ ముట్టగా ఆమె చూడలేదు. పత్తి పట్టే చేత్తో అగ్గిపుల్ల పట్టకూడదని పొయ్యి కూడా అంటించడు. అలాంటి మనిషి కొట్టం లోపల బీడీ ముట్టించాడా? ఆ ఒక్కరోజు సంగతి తాత నోటి నుంచి వినాలి. తాత మీద పడిన ఆ మాట నిజమో కాదో తేలాలి. అది తిన్నగా అడిగే ధైర్యం లేక, పుట్టుక దగ్గర మొదలుపెట్టించి, ఆరు క్యాసెట్ల దారి నడిపించింది.

ఫిబ్రవరి ఆరున తాతే అన్నాడు. "ఆ దినం సంగతి సెప్తా లే. దానికోసరమే గదా నువ్వు సుట్టూ తిరుగుతాండేది."

హజరా తల వంచుకుంది.

"అయితే నువ్వు ఎదురుగా కూచోవద్దు. ఆ మీట నొక్కి బయటికి పో. నేను పోయినాంకనే ఇనల్ల."

"నాకు సెప్తే ఏమైతాది తాతా?"

"నీ మొగం సూస్తా సెప్పలేను."

ఆమె సరేనని మాట ఇచ్చి, మీట నొక్కి అరుగు మీద కూర్చుంది. లోపల తాత గొంతు సన్నగా వినపడుతూ ఉంది. మధ్యలో ఒకసారి పాడినట్టు కూడా అనిపించింది. మాట ఇచ్చింది కాబట్టి చెవి అటు వేయలేదు. అంతా అయ్యాక వెళ్ళి, క్యాసెట్ తీసి, దాని మీద ఇంకెవరూ ఏదీ ఎక్కించకుండా వెనక ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలూ గోరుతో విరిచేసింది. పేరు రాసి రేకుపెట్టెలో పెట్టింది.

మరుసటి ఆదివారం ఆమె బస్సు దిగి వచ్చేసరికి తాత నోరు పడిపోయి ఉంది. మూడు వారాలు ఆసుపత్రి చుట్టూ తిరిగింది. ఈ పొద్దున ఇంక ఆ గొంతు వినకుండా ఉండలేక, ఇచ్చిన మాట తప్పి, క్యాసెట్ పెట్టింది.

ఊపిరి వినపడింది.

బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే ఇస్సాకు, క్యాసెట్‌ను దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"టేపుకేం కాలేదు టీచరమ్మా. దీని మీద మళ్ళా రికార్డు సేసినారు. పాతది పోయినట్టే."

"ఎనక ముక్కలు నేనే విరిచినాను గదా. ఇంక ఎక్కదని నువ్వే సెప్పినావు."

ఇస్సాకు సన్నటి పట్టుకారుతో క్యాసెట్ వెనక బొక్కలోంచి ఏదో లాగి బల్ల మీద పెట్టాడు. బఠానీ గింజంత దూది ఉండ.

"బొక్క మూసినారు. మూస్తే మిషనుకు ముక్క ఉన్నట్టే లెక్క. ఊరికే సెయ్యి తగిలి పోయింది కాదిది. కావాలని సేసిన పని."

"ఈ కిటుకు ఎవరికి తెలుస్తాది?"

"సినిమా పాటలు మార్చుకునే ప్రతి ఒక్కరికీ తెలుసు. నీకు తెలీదా?"

హజరాకు తెలుసు. తెలిసిన దానికే ఇప్పుడు చెంపలు వేడెక్కాయి. సంక్రాంతి సెలవుల్లో ఒక శుక్రవారం పాత పాటల క్యాసెట్ వెనక కాగితం కుక్కి, ఇట్ల మూస్తే మళ్ళీ పనికొస్తాది చూడు తాతా అని గొప్పగా చూపించింది తనే. ఆ రోజు గదిలో తాత కాక ముగ్గురు ఉన్నారు. ఒకరు అమ్మ. ఒకరు దేవేంద్రప్ప. బజారులో తాత దగ్గర పని నేర్చుకుని, తాత తర్వాత ఆ పనిలోకి వచ్చినవాడు, రోజూ సాయంత్రం వచ్చి కాళ్ళు పట్టి పోతాడు. మూడోవాడు చిన్నతాత జమాలుద్దీన్. తాతకు సొంత తమ్ముడు, డెబ్భై నాలుగేళ్ళ మనిషి. యెమ్మిగనూరులోనే ఉండిపోయి ఇప్పటికీ పరుపులు ఏకుతాడు. ప్రతి శుక్రవారం ఆదోని వచ్చి, పెద్ద మసీదులో నమాజు చేసుకుని, అన్నతో కలిసి తిని, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతాడు.

ముగ్గురూ ఇంటి మనుషులే. ఆ ముగ్గురిలో ఈ రికార్డింగు ఇష్టం లేనిది ఒక్కరికే. హజరా దూది ఉండను రుమాలులో కట్టుకుని ఇంటికి వచ్చి నేరుగా వంటింట్లోకి నడిచింది.

"అమ్మా, ఏడో క్యాసెట్ నువ్వు ముట్టినావా?"

సుగ్రాబీ జొన్నరొట్టె కొడుతోంది. చెయ్యి ఆగలేదు. "యాడ షాక్ కొడతాదోనని దాని కింద గచ్చు గూడ తుడవను నేను."

"మొదట్నుంచీ వద్దంటివి గదా. మానిన పుండు గెలకొద్దంటివి."

"అంటిని. ఇప్పుడూ అంటా. అయితే?"

"అయితే నువ్వే సెరిపినావు."

రొట్టె ఆగింది. సుగ్రాబీ పిండి చేతులతోనే వచ్చి టేప్ రికార్డర్ ముందు కూర్చుంది. "పెట్టు, ఇంటా."

హజరా పెట్టింది. సుగ్రాబీ కాసేపు తల ఒకపక్కకు వంచి విన్నది.

"ఇది నా ఊపిరా?" అన్నది. "ఇరవై ఏండ్లుగా నాకు ఉబ్బసం. పీలిస్తే పిల్లికూతలు. పక్కింటి మద్దమ్మ గోడవతల నుంచి ఇని, సుగ్రాబీకి ఈ పొద్దు బాగలేదని సెప్తాది. ఇది సూడు, ఎంత సాఫీగా పోతాండాదో. మద్దమ్మకు తెలుసు నా ఊపిరి. నా కడుపున పుట్టినదానికి తెలీలేదు."

హజరా చెయ్యి చాచి టేపు ఆపింది.

"లే, రొట్టె సల్లారతాది. తిను," అని సుగ్రాబీ లేచి పోయింది.

సాయంత్రం ఎండ తగ్గాక దేవేంద్రప్ప వచ్చాడు. పంచె చెంగులో నాలుగు రకాల పత్తి. నోరు పడిపోయాక కూడా ముసలాయన ఎడమ చేతిలో పత్తి పెడితే మొహం కాస్త తేటపడుతుందని అతను రోజూ తెస్తాడు. హజరా అతని ముందు రుమాలు విప్పింది.

"ఇదేం దూదో సెప్పన్నా."

దేవేంద్రప్ప నవ్వాడు. "బోరెం సూపించి అడుగుతారు గానీ బఠానీ గింజ సూపించి అడిగినోళ్ళు నువ్వే టీచరమ్మా." అంటూనే వేళ్ళ మధ్య లాగాడు. రెండోసారి లాగినప్పుడు నవ్వు పోయింది. "యాడ దొరికింది ఇది?"

"ముందు సెప్పు."

"ఇప్పుడు బజారుకొచ్చేదంతా వరలచ్చిమి రకమే. పొడుగు పింజ, పట్టు మాదిరి జారతాది. ఇది పొట్టి పింజ, గరుకు. ముంగారి పత్తి. మా నాయన కాలంలో ఏసేవాళ్ళు, ఇప్పుడు ఆలూరు పక్క గూడ ఏసేవాడు ల్యాడు. మిషన్లో ఆడింది కాదు, విల్లుతో ఏకింది. ఇంగోటి సెప్పల్నా? పాత పరుపులోది. ఏండ్ల తరబడి మనుషుల కింద నలిగిన దూది ఇట్లనే సప్పగా ఉంటాది." ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "అత్తరు," అని ఆగిపోయాడు.

మంచం మీంచి తాత ఎడమ చెయ్యి చాచాడు. దేవేంద్రప్ప హజరా వైపు చూసి, ఆ ఉండను ఆయన అరచేతిలో పెట్టాడు. తాత బొటనవేలు దాని మీద రెండుసార్లు తిరిగింది. వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి హజరాను చూశాడు. తల అడ్డంగా, నిదానంగా ఊపి పిడికిలి బిగించాడు.

"ఇయ్యి తాతా," అన్నది హజరా.

ఇవ్వలేదు. ఆమె వేళ్ళు విప్పబోయింది. పోయిన కుడిచేతి బలం కూడా ఆ ఎడమ చేతిలోకే వచ్చి చేరినట్టుంది, విడలేదు.

నందవరం నుంచి ఆదోని దాకా పాత పరుపులు విప్పి చేత్తో ఏకేవాడు ఇప్పుడు ఒక్కడే మిగిలాడు. శుక్రవారం శుక్రవారం చెవి మడతలో అత్తరు దూది పెట్టుకుని ఈ ఇంటికి వచ్చేవాడూ అతనే. ఆ సంగతి దేవేంద్రప్పకు లాగే తాతకూ అర్థమైంది. అర్థమై, దాచిపెడుతున్నాడు.

దేవేంద్రప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "దూది సంగతి అడిగినావు, సెప్పినా. మనుషుల సంగతి నేనేం సెప్పల్యా టీచరమ్మా," అని మెట్లు దిగాడు.

మర్నాడు బడి వదలగానే హజరా జమాలుద్దీన్ కొట్టానికి పోయింది. వీధి మొగలోనే విల్లు నారి తుంయ్ తుంయ్ మంటూ వినపడింది. లోపల దూది పొగమంచులా లేస్తోంది. ఆ మంచులో కనుబొమలు కూడా తెల్లబడి చిన్నతాత కూర్చుని ఉన్నాడు.

"రా మ్మా. అన్న ఎట్లుండాడు?"

"అట్లనే ఉండాడు. చిన్నతాతా, ఏడో క్యాసెట్లో ఉండే ఊపిరి నీదే గదా?"

నారిని మీటే కొయ్య పట్టుకున్న చెయ్యి ఆగింది. నారి కాసేపు దానంతట అదే మోగి ఊరుకుంది.

"ఎందుకు సెరిపినావు? తాతకు నోరుంటే మళ్ళా సెప్పించుకునేదాన్ని. నోరు ల్యాని మనిషి నోట్లో నుంచి మాట గుంజుకున్నావు."

"అను మ్మా. ఇంగా అను."

అలా అడిగేసరికి హజరాకు అనబుద్ధి కాలేదు.

"శుక్రవారం వస్తా గదా," అన్నాడు జమాలుద్దీన్. "ఆ పెట్టెలో కొత్త క్యాసెట్టు ఏసి పెట్టు. ఈడ సెప్పను. మా అన్న ముందర సెప్తా."

ఆ నాలుగు రోజులూ హజరా బడిలో పాఠం చెబుతూనే లెక్క తేల్చుకుంది. క్యాసెట్‌లో నిజం ఉంది. ఆ నిజం చిన్నతాతకు గిట్టలేదు. తన పేరు బయటపడుతుందని చెరిపేశాడు. పెంచిన అన్న యాభై ఏళ్ళు ఎండలో నిలబడితే చూస్తూ, వారం వారం వచ్చి అన్నం తిని పోయినవాడు, ఆఖరికి ఆయన నోట్లో మిగిలిన ఆ ఒక్క మాటను కూడా మింగేశాడు. ఇదీ ఆమె తేల్చుకున్నది. ఇందులో సగమే సరైనదని అప్పటికి ఆమెకు తెలియదు.

శుక్రవారం సెలవు పెట్టింది. నమాజు ముగిసిన కాసేపటికి జమాలుద్దీన్ వచ్చాడు. సుగ్రాబీ అన్నం పెట్టబోతే తర్వాత తింటానన్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

బడే సాబ్ తమ్ముడిని చూశాడు. పక్కనే స్టూలు మీదున్న టేప్ రికార్డర్‌ను చూశాడు. వెంటనే ఎడమ చెయ్యి లేచింది. గాలిలో తడుముకుంటూ ఆ పెట్టె మీదికి వచ్చింది. దాన్ని కింద పడేయాలని ఆయన ప్రయత్నం.

హజరా ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. ముసలి వేళ్ళు ఆమె అరచేతిలో గింజుకున్నాయి. వద్దంటున్నాయి, వదలమంటున్నాయి. తొంభై ఒక్క ఏళ్ళకు ఆయన అడుగుతున్నది ఒక్కటే. ఆమె కోరుకున్నదీ ఒక్కటే. రెండూ ఒకచోట ఇమిడేవి కావు. ఒక చేత్తో తాత చేతిని ఒళ్ళోకి లాక్కుని, రెండో చేత్తో ఆమె ఎర్ర మీట నొక్కింది.

జమాలుద్దీన్ పెట్టె వైపు వంగాడు.

"తిరుగుతాండాదా? సరే.

"నా పేరు జమాలుద్దీన్. ఈ మంచం మీద ఉండేది మా అన్న బడే సాబ్. అన్నా, సెయ్యి గుంజొద్దు. ఇన్నేండ్లూ నువ్వే సెప్పినావు. ఈ పొద్దు నేను సెప్తా.

"బీడీ నాది. అన్న బయట అంగట్లో రైతులతో పత్తి సూస్తాండాడు. నేను కొట్టం లోపల బోరేల సాటున కూచోని ముట్టించినా. ఆడ తాగగూడదని తెల్సు నాకు. మాదన్న సంగటి తిని ఆ మూల పండుకోనుండాడు. ఒక కన్ను తెరిసి నన్ను సూసి, మీ అన్న సూస్తే తోలు వలుస్తాడు రోయ్ అని నవ్వి, అటుపక్కకు తిరిగి పండుకున్నాడు. అంతలోనే అన్న సెప్పుల సప్పుడు. మా నాయన పోయినాంక మాకు నాయన ఆయనే. ఆయన ముందర నేను యానాడూ బీడీ తాగినోన్ని కాదు. సిగ్గు, భయం. దాన్ని ఆర్పేకి గూడ తోచలేదు. సెయ్యి ఎనక్కి పెట్టి పత్తిలోకి దోసినా.

"అన్న వచ్చి నా ముందరే నిలబడ్డాడు. మాధవరం బండి వచ్చిందిరా, పోయి దించుపో అన్నాడు. నేను ఎనక్కి తిరిగి దాన్ని తీసేకి లేదు. తీస్తే కనపడతాది గదా. ఆరిపోయింటాదిలే అనుకొని పోయినా. అన్న గూడ నా ఎనకే బయటికొచ్చినాడు. బండి కాడికి పోయి తాడు విప్పినానో లేదో, పొగ. పెద్దల ముందర అన్న నా మొగం సూసి, సంగతి కనిపెట్టి, నన్ను ఎనక్కి నెట్టి, బీడీ నాదే అన్నాడు. నాకు పెండ్లయి నలభై దినాలు. రేపు సెప్తాం లే అనుకొంటి. రేపటికి అన్న ఊరు దాటినాడు. మా అమ్మ పోయినప్పుడు ఒక్కన్నే మన్నేసి, ఇప్పుడు సెప్తామనుకొంటి. ఉరుకుందమ్మ పోయినప్పుడు అనుకొంటి. అనుకుంటానే ముసలోన్నైతి. ఈ ఇంట్లో ఎన్ని శుక్రవారాలు తింటినో లెక్కే ల్యా. మేమిద్దరమూ ఒక్కతూరి గూడ ఆ మాట ఎత్తల్యా.

"ఇంగ క్యాసెట్టు సంగతి. అన్నకు నోరు పోకముందర వచ్చిన శుక్రవారం అది, అన్న నిద్రపోతాండాడు. సుగ్రాబీ బయట మద్దమ్మతో ఉండాది. యెమ్మిగనూరు అని రాసిండేది సూసి, పెట్టుకొని ఇంటి. హజరా, నువ్వేమనుకుంటాండావో నాకు తెల్సు. భయపడి సెరపలేదు. అన్న నిజం సెప్పేసింటాడు, నా పీడ వదిలిపాయె అనుకొనే పెట్టినా, అల్లా సాచ్చి. ఇంటే, బీడీ నేనే తాగినా అని సెప్తాండాడు. ఎట్ల ముట్టించినాడో, యాడ పారేసినాడో అంతా అల్లి సెప్తాండాడు. మా అన్నకు బీడీ ఏ కొస ముట్టిస్తారో తెలీదు. నా తమ్ముడు ఆడ ల్యాడు, బండి కాడుండాడు అని మూడు తూర్లు సెప్పినాడు. సచ్చేముందర ఇంగోతూరి నా కోసరం అబద్ధమాడి, దాన్ని నీ సేతికిచ్చి పోతాండాడు.

"అది ఉండగూడదనుకొంటి. దాని మీద నా నోటితో నిజం సెప్తామని, నువ్వు సూపించినట్లే బొక్క మూసి, మీట నొక్కితి. నోరు పెగల్యా. అన్న అవతల గదిలోనే పండుకోనుండాడు. ఆయన లేస్తే ఏమంటాడో అని ఇరవై మూడేండ్లోని మాదిరే భయమేసింది. అరగంట అట్లనే కూచుంటి. టక్కుమని ఆగిపాయె.

"దాంట్లో ఆ అబద్ధం ఒక్కటే ల్యా, హజరా. అది నీకు తెలియల్ల. మా అమ్మ పోయిన దినం అన్న వచ్చినాడంట. పొలిమేర రాయి కాడ నిలబడి, ఊరి పక్క తిరిగి దువా సేసుకొని, కాలు లోపల పెట్టకుండా పోయినాడంట. నాకే తెలీదు ఆ సంగతి. మా వదిన, మీ జేజి నసీబ్‌బీ గురించి సెప్పినాడు, నవ్వినాడు గూడ. మా నాయన దూది ఏకేటప్పుడు పాడే పాట పాడినాడు. అది నాకు సగమే వస్తాది. మిగిలిన సగం అన్నకొక్కనికే వచ్చు. అంతా పోయింది. మళ్ళా వచ్చి, అన్నా ఇంగోతూరి సెప్పు, ఈతూరి నిజం సెప్పు అని కాళ్ళు పట్టుకుందామనుకొంటి. ఆదివారానికి అన్న నోరు పాయె, నడుమ ఒక్క శనివారం ఉండె. ఆ శనివారం వచ్చింటే సాలు. ఎవురిదో పరుపు ఏకుతా కూచుంటి.

"దీన్ని తీసుకపోయి యెమ్మిగనూరులో ఇనిపించు. మాదన్న మనమండ్లు నేసేవాళ్ళ వీధిలో ఉండారు, ముందర వాళ్ళకు ఇనిపించు. వాళ్ళు నన్నేమన్నా పడతా. మాదన్న సచ్చింది నా వల్ల. నీ మాట సెరిపింది నేను, అన్నా. నువ్వు ల్యాని తప్పు మోసింది గూడ నా వల్లే. తల అట్ల అడ్డం ఊపొద్దు. ఇప్పుడన్నా ఊపొద్దు. ఆ బీడీ నాది."